పళ్ళు బయటపెట్టిన ఇనుప ముఖం: నా సమురాయ్ మెన్‌పో రివ్యూ

ముందు తీర్పు చెప్పేసి తర్వాత వివరాల్లోకి వెళ్తాను. జపాన్‌లో కవచం వేసుకుని ఊరేగింపుల్లో నడిచేవాళ్ళు ఎవరైనా ఇనుప మెన్‌పో, అంటే సమురాయ్ యోధులు ముఖానికి కట్టుకునే మాస్కు, చేయించుకోవాలా వద్దా అని ఊగిసలాడుతుంటే, చేయించుకోండి. హాల్లో అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే అయితే ఇంత డబ్బు పోయక్కర్లేదు, రెజిన్‌ది, అంటే ప్లాస్టిక్‌లాంటి పదార్థంతో చేసింది చాలు. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అసలు తేడా ముఖానికి కట్టుకున్నాక తెలుస్తుంది. రెజిన్‌ది ముఖం మీద వేలాడుతుంది, ఇనుపది ముఖాన్ని పట్టుకుంటుంది. సమురాయ్ మాస్కులో భయపెట్టే గుణమంతా ఆ పట్టులోనే ఉందని నా నమ్మకం. ఈ రివ్యూ రాస్తున్నది ముఖ్యంగా ఆ సంగతి చెప్పడానికే.

నేను ఉండేది కనగావా ప్రాంతంలోని ఒడవారాలో. పళ్ళ సెట్లు, క్రౌన్‌లు తయారుచేసే ల్యాబ్‌లో పని. రోజంతా చేతిలో ఎవరిదో ఒకరి దవడ అచ్చు ఉంటుంది. ఈ ఊరిని ఐదు తరాలపాటు ఏలిన హోజో వంశం పేరు మీద ఏటా మే 3న ఇక్కడ పెద్ద ఊరేగింపు జరుగుతుంది. కోట దగ్గర మొదలై బజారు వీధుల్లో కవచాలు వేసుకున్న బృందాలు నడుస్తాయి. నేనూ ఒక బృందంలో నడుస్తాను. నడిచేవాళ్ళలో చాలామంది మాస్కు పెట్టుకోరు. ఫొటోల్లో తమ ముఖం కనపడాలి కదా, వాళ్ళ ఆశ వాళ్ళది. నాకు మాత్రం మాస్కు లేని కవచం తల లేని మొండెంలా అనిపిస్తుంది.

కొన్నది ఇదీ: కళ్ళ కింది నుంచి గడ్డం అడుగు దాకా ముఖాన్ని కప్పే సగం మాస్కు. ఇనుప రేకును సుత్తితో కొట్టి తీర్చినది. బయట తుప్పు రంగు, లోపల ఎర్ర లక్క. ముక్కు విడిగా ఊడొస్తుంది. పై పెదవి మీద గుర్రపు వెంట్రుకల మీసం. గడ్డం కింద గొంతును కాపాడే నాలుగు వరసల యోదరెకాకె, ముదురు నీలం తాళ్ళతో అల్లింది. ముఖ కవళిక రెస్సెయి తరహా, అంటే ముడతలు, మీసం, బయటపడిన పళ్ళు ఉన్న కోపిష్ఠి ముఖం. గొంతు కవచంతో కలిపి 58,000 యెన్‌లు అయింది, పార్సిల్ ఖర్చు వేరు. చేసినవాళ్ళు చిన్న వర్క్‌షాపు వాళ్ళు. కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు వాళ్ళు అడిగింది మూడు కొలతలు. కంటి కింది ఎముక నుంచి గడ్డం అడుగు దాకా పొడవు, రెండు చెంపల మధ్య వెడల్పు, గడ్డం మొన నుంచి చెవి దాకా దూరం. నేను వాటితోపాటు నా గడ్డానికి అచ్చు తీసి, ప్లాస్టర్ పోసి, ఆ దిమ్మను బబుల్ ర్యాప్‌లో చుట్టి పంపాను. రెండు రోజులకు మాస్కు చేసే ఆయన ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న: "మీరు ఏ వైపు ఎక్కువ నములుతారు?" కుడి వైపు అన్నాను. నమిలే కండరం ఆ వైపు కాస్త లావుగా ఉంటుంది, ఇనుము అక్కడ నొక్కుకుపోకుండా కొంచెం వదులు ఇస్తానన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో నాకు ఆ మనిషి పనితనం మీద గురి కుదిరిపోయింది.

మాస్కు గడ్డం దగ్గర సరిపోవడం ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. చాలామంది ఈ మాస్కులు ఎదుటివాణ్ణి జడిపించడానికే పుట్టాయనుకుంటారు. జడిపించడం నిజమే, కానీ అంతకు ముందు దీనికి ఒక చాకిరీ ఉంది. కబుటో, అంటే సమురాయ్ శిరస్త్రాణం, చాలా బరువు. గుర్రం మీద దూకుతూ పోయేటప్పుడు అది పక్కకు జారితే కళ్ళు మూసుకుపోతాయి. దాన్ని గట్టిగా కట్టాలంటే తాడు గడ్డం కింద బిగించాలి. ఒట్టి చర్మం మీద బిగిస్తే కాసేపటికే ఒరుసుకుపోతుంది. అందుకని ఇనుప మాస్కు గడ్డానికి తొడుగులా ఉండి ఆ తాడు ఒత్తిడిని తను మోస్తుంది. తాడు జారకుండా మాస్కు గడ్డం కింద చిన్న మేకులు, చెంపల మీద కొక్కేలు ఉంటాయి. నా మాస్కుకు గడ్డం కింద రెండు మేకులు, ఒక్కో చెంప మీద ఒక్కో కొక్కెం ఉన్నాయి. వాటి మధ్యలో చిన్న కన్నం, లోపల పేరుకున్న చెమట కారిపోవడానికి. మాస్కు ముందు కట్టుకుని, దాని మీద కబుటో పెట్టి, తాడును కొక్కేల మీదుగా తిప్పి గడ్డం కింద ముడి వేస్తే తల, హెల్మెట్, మాస్కు మూడూ ఒకే ముక్క అయిపోతాయి. తల విదిలించినా ఏదీ కదలదు.

రెజిన్ మాస్కుల్లో ఈ మేకులు అలంకారానికే ఉంటాయి. మా బృందంలో ఒక స్నేహితురాలి దగ్గర అలాంటిది ఉంటే అడిగి తీసుకుని కట్టి చూశాను. తాడు బిగించగానే గడ్డం దగ్గర రేకు లోపలికి వంగింది. వదులు చేస్తే హెల్మెట్ ఊగింది. అదేమో మొత్తం ముఖాన్ని కప్పే రకం, నుదుటి మీద రెండు కొమ్ములు, కింది నుంచి పైకి లేచిన కోరలు. నిజానికి అది 'నో' అనే జపాన్ సంప్రదాయ నాటకాల్లో వాడే హన్యా మాస్కు ముఖం. అసూయతో రాక్షసిగా మారిన స్త్రీ పాత్రది. దాన్ని తెచ్చి కవచానికి తగిలించి 'సమురాయ్ రాక్షస మాస్కు' అని అమ్ముతున్నారు. హన్యా గొప్ప కళాఖండం, దాని చోటు రంగస్థలం. మాస్కు నుదుటి మీద కొమ్ములుంటే కబుటో అంచు ఎక్కడ కూర్చుంటుంది? కొనబోయేవాళ్ళు ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, సగం సరుకు అక్కడే తేలిపోతుంది.

కొమ్ములు కావాలంటే అవి కబుటో మీద ఉండేవి. పదహారో శతాబ్దపు సేనాని హొండా తదకత్సు శిరస్త్రాణానికి రెండు పక్కలా పెద్ద జింక కొమ్ములు ఉండేవి. అవి నిజం కొమ్ములు కావు, కాగితం పొరలు అతికించి లక్క పూసినవి. అదే కాలపు మరో సేనాని ఈయి నవోమాస వంశంవాళ్ళకు పొడవాటి బంగారు రంగు కొమ్ములు. దూరం నుంచి చూసేవాడికి ఆకారం కొండలా కనపడాలి, మోసేవాడి మెడ మీద మాత్రం బరువు పడకూడదు. భయాన్ని తేలికైన వస్తువులతో కట్టడంలో ఆ కాలపు పనివాళ్ళు ఆరితేరిపోయారు.

ఇక నా మాస్కు నోరు. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా వృత్తి ఇదే. నిజంగా మండిపడ్డ మనిషి ముఖం చూడండి. పై పెదవి నిటారుగా పైకి లేస్తుంది. ముక్కు పక్కల చర్మం ముడతలు పడుతుంది. ముక్కు రెక్కల నుంచి నోటి మూలల దాకా లోతైన గాడి దిగుతుంది. నోరు నలుచదరం అవుతుంది. నవ్వే మనిషికి నోరు పక్కలకు సాగుతుంది, మూలలు పైకి పోతాయి. చవక మాస్కుల్లో నోటిని చెవుల దాకా సాగదీసి అందులో పళ్ళు నింపుతారు. మనసు దాన్ని నవ్వుగానే చదువుతుంది. అందుకే అవి ఎంత పెద్ద కోరలు పెట్టినా బొమ్మల్లా ఉంటాయి. నా మాస్కు నోరు నలుచదరంగా తెరుచుకుంది. పై పెదవి మధ్యలో ఎత్తుగా లేచి, దాని పైన ముక్కు మొదట్లో అడ్డంగా మూడు ముడతలు. చెంప మీద గాడి వేలి గోరు దిగేంత లోతు. ఆ గాడి అందానికే కాదు, రేకుకు బలం కూడా. చదును రేకు కంటే ముడతలు పడ్డ రేకు అంత సులభంగా వంగదు. చెంప మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాను, చలనం లేదు.

పళ్ళు పై వరసలో మాత్రమే ఉన్నాయి, బంగారు పూతతో. కోరలు లేవు. ముందు పళ్ళు నాలుగూ ఒకే వెడల్పు. మనిషి నోట్లో అలా ఉండవు, మధ్య రెండు పళ్ళు పెద్దవి, వాటి పక్కవి సన్నవి. మా ల్యాబ్‌లో ఎవరైనా ఇలా చేస్తే తిరిగి చేయమంటాను. కానీ మూడు మీటర్ల దూరం నుంచి చూస్తే ఆ సమానత్వమే వెన్నులో చలి పుట్టిస్తుంది. మనిషి నోరులాగే ఉంది, అయినా మనిషిది కాదు అన్న అనుమానం కలుగుతుంది. కోరలు పెట్టి ఉంటే ఆ అనుమానం ఉండేది కాదు, ఇది రాక్షసుడి బొమ్మ అని మనసు తేల్చేసుకునేది. పాత మాస్కుల్లోనూ ఇదే చూశాను. టోక్యో ఉయెనోలోని నేషనల్ మ్యూజియం ప్రధాన భవనంలో సమురాయ్‌ల కవచాలు, కత్తులు ప్రదర్శించే గదులు ఉన్నాయి. వస్తువులు మారుస్తూ ఉంటారు, ఎప్పుడు వెళ్ళినా కొత్తవి దొరుకుతాయి. అక్కడ అద్దం ముందు మోకాళ్ళు వంచి, మాస్కు నోటికి నా కళ్ళు సమానంగా తెచ్చి చూస్తాను. గార్డులు ఇప్పుడు పట్టించుకోరు.

తరహాలు చాలా ఉన్నాయి. కోపంతో ఉన్నది రెస్సెయి. ముడతలు లేకుండా నున్నగా, నిబ్బరంగా ఉండేది ర్యూబు. ముసలాయన ముఖం, ముసలమ్మ ముఖం, కోతి ముఖం, పొడవాటి ముక్కున్న తెంగు అనే కొండ దయ్యం ముఖం కూడా ఉన్నాయి. గడ్డాన్ని, చెంపల కింది భాగాన్ని కప్పేది హన్‌బో. ముఖమంతా కప్పేది సోమెన్. వీటన్నిటికంటే పాతది హప్పురి, అది నుదురు, చెంపలు కాపాడేది, అందులో ఏ ముఖమూ లేదు. ముఖానికి కవళిక అన్నది తర్వాత వచ్చింది.

సోమెన్ గురించి ఒక మాట. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో మ్యోచిన్ మునెఅకిరా అనే కవచాల కమ్మరి చేసిన సోమెన్ ఉంది, 1745 నాటిది. ఇనుప రేకును కొట్టి తీసిన ఆ ముఖంలో నుదుటి ముడతలు కూడా జీవంతో ఉంటాయి. దాన్ని మించిన పని నేను ఫొటోల్లో కూడా చూడలేదు. కానీ ఆ సంవత్సరం గమనించండి. పెద్ద యుద్ధాల్లో చివరిది, ఒసాకా కోట యుద్ధం, 1615లో ముగిసింది. అంటే ఆ మాస్కు చేసేనాటికి దేశంలో నూటముప్ఫై ఏళ్ళుగా దాదాపు శాంతే. రాక్షస ముఖాల్లో మహా పనితనం చూపించినవి చాలావరకు ఆ శాంతికాలపు వస్తువులే. ప్రభువు తన హోదా చూపించుకోవడానికి, కమ్మరి తన చేతి నైపుణ్యం చూపించుకోవడానికి చేసినవి. యుద్ధంలో ఉన్నవాడికి కళ్ళ చుట్టూ ఖాళీ కావాలి, ఊపిరి ఆడాలి. అందుకే సగం మాస్కే ఎక్కువ వాడారు. సోమెన్ కన్నాల్లోంచి చూస్తే పక్క నుంచి వచ్చేవాడు కనపడడు. నా స్నేహితురాలి రెజిన్ మాస్కుతో నాలుగు మెట్లు దిగడానికే గోడ పట్టుకోవలసి వచ్చింది.

అయితే సగం మాస్కు వాడడం వల్ల భయం తగ్గిందా? నా అనుభవంలో పెరిగింది. ఊరేగింపుకు ముందు కోట పార్కులో రిహార్సల్ జరిగింది. ఐదారేళ్ళ బాబు వాళ్ళమ్మతో వచ్చాడు. కొమ్ముల మాస్కు వేసుకున్నావిడ దగ్గరికి వెళ్ళి ఆ కొమ్ము పట్టుకుని ఊపాడు, నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగాడు. నేను ఏమీ చేయలేదు, కదల్లేదు కూడా, కళ్ళు మాత్రం వాడి వైపు తిప్పాను. వాడు గబుక్కున వెళ్ళి అమ్మ కాళ్ళ వెనక దాక్కున్నాడు. కబుటో అంచు నీడలో కళ్ళు సగమే కనపడతాయి. కింద ముఖం ఇనుములా బిగుసుకుని ఉంటుంది. ఆ బిగుసుకుపోయిన ముఖంలో రెండు కళ్ళు మాత్రం కదులుతుంటే, ఆ మనిషి ఏమనుకుంటున్నాడో ఎదుటివాడికి అంతు పట్టదు. నేను ముక్కు ఊడదీసి నా ముక్కు చూపించాను. వాడు మెల్లగా బయటికి వచ్చి, ఆ ఇనుప ముక్కును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. లోపల ఎరుపు ఎందుకని అడిగాడు. ఆ ఎర్రదనం చర్మం మీద పడి ముఖం కోపంతో కందినట్టు కనిపిస్తుందని అంటారని చెప్పాను. నాతో నడిచే పెద్దాయన మాత్రం, ఎరుపు సంగతి ఏమోగానీ లక్క పూయకపోతే చెమటకు నెలలోనే తుప్పు పడుతుందమ్మా అన్నారు. రెండూ నిజమే అయ్యుండొచ్చు.

గొంతు సంగతి కూడా చెప్పాలి. ఊరేగింపులో మధ్య మధ్య అందరం కలిసి "ఎయ్, ఎయ్, ఓ" అని జయఘోష చేస్తాం. మాస్కులోంచి వచ్చిన గొంతు ఇనుముకు తగిలి బొంగురుగా, లోతుగా మారుతుంది. నా గొంతు సన్నది. మాస్కులో విన్నవాళ్ళు అది నాది అనుకోలేదు. నోరు బాగా తెరిచి ఉండడం వల్ల మాట అర్థమవుతుంది కూడా. ఆజ్ఞలిచ్చే సేనానికి అది అవసరం కదా. కొమ్ముల మాస్కులో మాట లోపలే గిరగిర తిరిగి గొణుగుడులా వినపడింది.

భయపెట్టడం అనేది ఒక్క మాస్కుతో అయ్యే పని కాదన్నది ఈ ఊళ్ళో ఉండగా నాకు బాగా అర్థమైన సంగతి. హోజో వంశ సేనానుల్లో హోజో త్సునషిగె అనే ఆయన ఉండేవాడు. పసుపు రంగు జెండా మీద యుద్ధ దైవం హచిమన్ పేరు రాయించుకుని ఆ జెండాతో ముందుకు దూకేవాడు. "గెలుపు, గెలుపు" అని అరుస్తూ పోయేవాడట. ఆ జెండా కనపడితేనే శత్రువు గుండె జారేదని చెప్పుకుంటారు. తకెదా వంశం సైన్యంలో ఎర్ర కవచాల దళం ఉండేది. 1582లో ఆ వంశం కూలిపోయాక అందులో చాలామంది ఈయి నవోమాస కిందికి చేరారు, ఎరుపు రంగు కూడా వాళ్ళతో వెళ్ళింది. 1584లో కొమాకి, నగకుతె యుద్ధంలో ఆ దళం పోరు చూశాక నవోమాసకు ఎర్ర రాక్షసుడు అన్న పేరు వచ్చింది. రాక్షసుడు అనిపించుకున్నది ఆ దళం ఒకే రంగులో, ఒకే ఊపులో మీదికి రావడం వల్ల. ఆ కవచాలు హికోనె కోట మ్యూజియంలో ఉన్నాయి. ఎరుపు ఎంత దట్టమో అద్దం ముందు నిలబడితేనే తెలుస్తుంది. పైగా మామూలు కాలిబంట్లకు మాస్కులు దాదాపు ఉండేవే కావు. వాళ్ళకు ప్రభువు అరువిచ్చిన సాదా కవచం, పళ్ళెంలాంటి జింగస టోపీ. మాస్కు అన్నది హోదా ఉన్నవాడి వస్తువు. శత్రువుకు కనపడ్డ ఆ ఇనుప ముఖం వెనక ఎంతమంది ఉన్నారో అన్నది కూడా భయంలో భాగమే.

ఇప్పుడు ఫిర్యాదులు. చెప్పిన గడువు కంటే నెల ఆలస్యంగా ఇచ్చారు. మధ్యలో ఒక్క మెయిల్ కూడా లేదు, నేనే ఫోన్ చేయాల్సి వచ్చింది. ఊరేగింపు దగ్గరపడుతుంటే ఎంత టెన్షన్ పడ్డానో. ముక్కును పట్టి ఉంచే పిన్ను వదులుగా వచ్చింది, నడుస్తుంటే టక్ టక్ మని చప్పుడు. తిరిగి పంపితే డబ్బు తీసుకోకుండా బాగుచేశారు, కానీ అసలు అలా రాకూడదు. మీసం అతికించిన చోట జిగురు కనపడుతోంది. దగ్గరగా ఫొటో తీస్తే అక్కడ మెరుస్తుంది. పాత మాస్కుల్లో వెంట్రుకలు కన్నాల్లో గుచ్చినట్టు నీట్‌గా ఉంటాయి, ఈ ధరకు అంత ఆశించడం అత్యాశే అయినా జిగురు తుడవడానికి ఖర్చేమీ లేదు. యోదరెకాకె తాళ్ళు పాలిస్టర్‌వి. పట్టు తాళ్ళ మెత్తదనం లేదు, ముడి తొందరగా జారుతుంది. పట్టుతో అల్లించుకోవచ్చు, దానికి 14,000 యెన్‌లు ఎక్కువ. బడ్జెట్ ఉంటే మొదటే అది అడగండి, తర్వాత మార్చడమంటే మొత్తం విప్పి మళ్ళీ అల్లాలి.

కళ్ళద్దాలు పెట్టుకునేవాళ్ళకు పెద్ద చిక్కు. ఊపిరి ముక్కు పక్కల నుంచి పైకి వస్తుంది, అద్దాలు రెండు నిమిషాల్లో మంచు పట్టినట్టు అయిపోతాయి. పైగా చెంప కొక్కేలకు, అద్దాల కాడలకు పడదు. నేను కాంటాక్ట్ లెన్సులు పెట్టుకున్నాను. అవి పడనివాళ్ళు ముక్కు తీసేసి కట్టుకుంటే ఆవిరి కొంత తగ్గుతుంది. ముక్కు లేకపోయినా మాస్కు పాడుగా కనపడదు, పాత మాస్కులు కొన్ని అలాగే ఉంటాయి.

బరువు ఎక్కువేమీ అనిపించదు. బరువంతా కబుటోది. మాస్కు లోపల గడ్డం దగ్గర తెనుగుయి అనే పల్చటి నూలు తుండుగుడ్డ మడిచి పెట్టుకోండి. లక్క మీద చర్మం నేరుగా ఆనితే చెమటకు జారుతుంది. గుడ్డ ఉంటే పట్టు కుదురుతుంది, కాకపోతే చెమట కన్నాన్ని ఆ గుడ్డతో మూసెయ్యకండి. మే నెల ఎండలో ఒడవారా వీధుల్లో నడిచిన తర్వాత ఆ కన్నం ఎందుకు పెట్టారో ఎవరికీ వివరించక్కర్లేదు. ధారగా కారింది.

పాతది కొందామా అని అడిగేవాళ్ళ కోసం. జపాన్‌లో పాత కత్తి కొంటే దానికి రిజిస్ట్రేషన్ కాగితం ఉండాలి. కవచాలకు, మాస్కులకు అలాంటి బాదరబందీ లేదు, మామూలుగా కొనుక్కోవచ్చు. కానీ పాత మాస్కు వేరే ఎవరి గడ్డానికో చేసింది. తాడు బిగించి దాని మీద బరువు వేయడం ఆ వస్తువుకు మంచిది కాదు, మీకూ మంచిది కాదు. చూడ్డానికి పాతది, కట్టుకోవడానికి కొత్తది అన్నది నేను పెట్టుకున్న నియమం. పాతది కొనేటప్పుడు లోపలి ఎర్ర లక్క చూడండి. చెంప లోపల, గడ్డం లోపల అరుగుదల ఉంటే ఎవరో కట్టుకున్నారన్న మాట. అంతా ఒకేలా కొత్తగా మెరుస్తుంటే ఎప్పుడో ఒకప్పుడు లక్క మళ్ళీ పూసి ఉంటారు, అమ్మేవాణ్ణి అడగండి.

ఊరేగింపు లైను దాటి బయటికొస్తే మాస్కు తీసెయ్యాలని మా బృందం నియమం. నీళ్ళ సీసా కోసం కన్వీనియెన్స్ స్టోర్‌లోకి మాస్కుతో వెళ్ళడం కుదరదు, ముఖం కప్పే హెల్మెట్లు తీసి లోపలికి రమ్మని చాలా షాపుల తలుపు మీదే రాసి ఉంటుంది. మెన్‌పో విప్పడం అంటే ముందు కబుటో తాడు విప్పాలి, తర్వాత మాస్కు తాడు. చేతికి తొడుగులు ఉంటే పక్కనున్నవాళ్ళ సాయం కావాలి. అందుకని నీళ్ళు ముందే తాగేయండి, లేదా స్ట్రా తెచ్చుకోండి. ఈ మాస్కు నోట్లోంచి స్ట్రా చక్కగా దూరుతుంది.

విప్పాక లోపల పొడి గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, తర్వాతే పెట్టెలో పెట్టండి. లక్కకు నూనె రాయకండి. నేను తుప్పు రంగు ఉన్న బయటి వైపు కూడా ఒట్టి గుడ్డతోనే తుడుస్తాను. ఆర్డర్ ఇచ్చేవాళ్ళు ముక్కు పిన్ను ఒకటి, గడ్డం తాడు ఒకటి అదనంగా అడిగి తీసుకోండి. రెండూ కలిపి నాకు 1,800 యెన్‌లు పడింది. ఊరేగింపు తేదీకి నాలుగు నెలల ముందే ఆర్డర్ పెట్టండి, వాళ్ళు రెండు నెలలే అంటారు.